ముహూర్తానికి ఇల్లు అప్పగించి నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలంటే: చిన్న ఇంటీరియర్ సంస్థ నడిపే పద్ధతి

మీరు, ఒక డిజైనరు, సైట్లు చూసుకునే కుర్రవాడు, అవసరాన్ని బట్టి వచ్చే రెండు మూడు కార్పెంటర్ల బృందాలు. హైదరాబాదులోనైనా విజయవాడలోనైనా చిన్న ఇంటీరియర్ సంస్థ అంటే చాలావరకు ఇంతే. ఇలాంటి సంస్థలకు పని దొరుకుతూనే ఉంటుంది. ఇంటివాళ్లు మెచ్చుకుంటారు, ఫొటోలు బాగా వస్తాయి, తీరా లెక్క చూసుకుంటే మిగిలింది కనిపించదు.

అది ఎటు పోతుందో ముందు చూద్దాం. జీఎస్టీ కాకుండా ఎనిమిది లక్షలకు ఒప్పుకున్న మూడు పడకగదుల ఫ్లాటు ఒకటి ఉందనుకోండి. సరుకుకు 4,40,000, కూలికి 1,60,000, రవాణాకు, వృథాకు, చిల్లర ఖర్చులకు 40,000 పోగా మీ చేతిలో 1,60,000 ఉంటుంది. ఆఫీసు అద్దె, జీతాలు, పెట్రోలు కలిపి నెలకు 80,000 అవుతుంటే, ఒకేసారి రెండు సైట్లు నడుస్తుంటే, ఒక్కో సైటు నెలకు 40,000 మోయాలి. రెండు నెలల్లో ముగిస్తే మీకు 80,000 మిగులుతుంది. మూడో నెలకు సాగితే 40,000. నాలుగో నెల కూడా పడితే సున్నా. ఒక్క ప్లైవుడ్ షీటు పాడవకుండానే, ఎవరూ ఒక్క రూపాయి తినకుండానే లాభమంతా హరించుకుపోతుంది.

ఆలస్యం ఎవరి వల్ల అంటే అందరూ కార్పెంటరు వైపు వేలు చూపిస్తారు. కానీ ఏ సైటుకైనా వెళ్లి చూడండి. కార్పెంటరు బీడీ కాలుస్తూ కూర్చున్నాడంటే, ఏ లామినేటు (ప్లైవుడ్ మీద అతికించే రంగు షీటు) వేయాలో అతనికి ఇంకా ఎవరూ చెప్పలేదని అర్థం. తేలని నిర్ణయాలే ఈ వ్యాపారంలో అసలు ఖర్చు. కింద చెప్పే పద్ధతులన్నీ వాటిని ముందుగా తేల్చుకోవడానికే. వీటికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక లావుపాటి నోటుబుక్కు, ఫోనులో ఒక స్ప్రెడ్‌షీటు చాలు.

ముందుగా: మీరు అమ్మేది ఏమిటి?

డిజైన్ గీసి, పని పర్యవేక్షించి ఫీజు తీసుకోవడం ఒక పద్ధతి. సరుకు, కూలి అన్నీ మీరే పెట్టుకుని ఇల్లు పూర్తిచేసి అప్పగించడం మరో పద్ధతి. రెండూ చేయవచ్చు, కానీ ఒకే ఇంట్లో రెండింటినీ కలిపేయకండి. ప్లైవుడ్ ఇంటివాళ్లు కొని, హార్డ్‌వేర్ మీరు కొని, కార్పెంటరుకు డబ్బు ఇద్దరూ ఇస్తుంటే, తలుపు వంగిన రోజున బాధ్యత ఎవరిదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. ఏ పద్ధతో ఒప్పంద పత్రంలో మొదటి వాక్యంగా రాయండి.

మరో చిన్న మాట. ఆర్కిటెక్చర్ కౌన్సిల్‌లో నమోదు కాకుండా కార్డు మీద ‘ఆర్కిటెక్ట్’ అని వేసుకోకండి. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం అది నేరం. ‘ఇంటీరియర్ డిజైనర్’ అని వేసుకోవడానికి అభ్యంతరం లేదు.

కొటేషన్: గొడవలు పుట్టేదీ, ఆగేదీ ఇక్కడే

చదరపు అడుగుకు ఇంత అని ఫోనులో రేటు చెప్పే అలవాటు మానుకోండి. ఏడు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉన్న వార్డ్‌రోబ్‌ను ముందు నుంచి కొలిస్తే 49 చదరపు అడుగులు. లోపల రెండు అరలు, ఒక హ్యాంగర్ రాడ్డు పెట్టినా 49 అడుగులే. ఆరు సొరుగులు, లాకరు, చీరలకు విడిగా అరలు పెట్టినా 49 అడుగులే. రెండోదానికి ప్లైవుడ్ ఎక్కువ, చానళ్లు (సొరుగులు జారే పట్టాలు) ఎక్కువ, కార్పెంటరు రోజులు ఎక్కువ. డబ్బు మాత్రం ఒకటే వస్తుంది. అందుకని మీ రేటులో లోపల ఏమేమి వస్తాయో రాసి, ఆ పైన పెట్టే ప్రతి సొరుగుకు, ప్రతి అదనపు అరకు విడి రేటు పక్కనే వేయండి. ‘ఇంకో రెండు సొరుగులు పెట్టించు బాబూ’ అనే పెద్దావిడకు ఆ కాగితం చూపిస్తే మొహమాటం ఉండదు.

‘మంచి కంపెనీ ప్లైవుడ్’ అని రాస్తే ఏమీ రాయనట్టే. కంపెనీ పేరు, మందం, గ్రేడు మూడూ ఉండాలి. వార్డ్‌రోబ్, వంటగది అల్మరాల పెట్టెలకు 18 మి.మీ., వెనక పలకకు 6 మి.మీ. వంటివి అంకెల్లో వేయండి. ఐఎస్ అంటే భారత ప్రమాణం. ఐఎస్ 303 కింద వచ్చే ప్లైవుడ్‌లో తేమకు కొంతవరకు ఆగే ఎంఆర్ రకం, అంతకంటే గట్టిదైన బీడబ్ల్యూఆర్ రకం ఉంటాయి. ఐఎస్ 710 అంటే మెరైన్ ప్లై. పడకగదికి ఏది, సింకు కింద ఏది అన్నది విడివిడిగా చూపించండి. ఇల్లంతా 710 వేయమని అడిగేవాళ్లు ఉంటారు. వేయవచ్చు, కానీ నీళ్లు తగలని చోట ఆ డబ్బు కీళ్లకు, చానళ్లకు పెడితే ఇంటికి మేలని నా అభిప్రాయం. రోజూ పదిసార్లు కదిలేవి అవే కదా. లామినేటు బయట 1 మి.మీ.నా, లోపల 0.8 మి.మీ.నా, అంచుకు వేసే పట్టీ ఎంత మందం, కీళ్లు నెమ్మదిగా మూసుకునేవా మామూలువా, హ్యాండిల్ ఒక్కోటి ఎంత ధరలోపు అన్నవి కూడా కొటేషన్లోనే ఉండాలి.

చివర ‘ఇందులో లేనివి’ అని ఒక పేజీ పెట్టండి. గ్రానైటు, చిమ్నీ, హాబ్ (గట్టులో బిగించే గ్యాస్ పొయ్యి), లైట్లు, ఫ్యాన్లు, కర్టెన్లు, చెత్త ఎత్తించడం, అపార్ట్‌మెంట్ సంఘానికి కట్టే డిపాజిట్. మీరు ఏవి చేయకపోతే అవన్నీ అక్కడ ఉండాలి. జీఎస్టీ కలిపా, విడిగానా అన్నది మొదటి పేజీలోనే కనిపించేలా రాయండి. ఎనిమిది లక్షల మీద 18 శాతమంటే 1,44,000. ఆ మాట చివరి బిల్లులో చెబితే ఎవరూ సంతోషించరు.

కొటేషన్ కోసం మొదటిసారి ఇల్లు చూసి రావడం ఉచితంగా చేయండి. ఆ తర్వాత కొలతలు, డ్రాయింగులు కావాలంటే అడ్వాన్సు తీసుకోండి. పని మీకే ఇస్తే అది బిల్లులో తగ్గుతుందని చెప్పండి. మీ డ్రాయింగు పట్టుకెళ్లి మరొకరితో తక్కువకు చేయించుకుందామనుకునేవాళ్లు ఇక్కడే తప్పుకుంటారు.

నిర్ణయాల పట్టిక

ఈ వ్యాసంలో ఒక్కటే పాటించగలనంటే దీన్ని పాటించండి. స్ప్రెడ్‌షీటులో ఒక్కో గది వరుసగా రాసి, ఆ గదికి ఇంటివాళ్లు తేల్చాల్సినవన్నీ కింద వేయండి. ప్రతిదాని పక్కన మూడు గడులు: ఏ తేదీలోపు తేలాలి, ఏమి తేలింది, ఎవరు ఒప్పుకున్నారు. లామినేటు నంబర్లు, రంగులు అందరికీ గుర్తుంటాయి. మరిచిపోయేవి వేరే ఉన్నాయి. ఫ్రిజ్ కొలత, వాషింగ్ మెషీన్ ముందు నుంచి తెరుచుకునేదా పైనుంచా, చిమ్నీ గొట్టం ఏ గోడలోంచి బయటికి వెళ్తుంది, హాబ్‌కు గ్రానైటులో ఎంత కోత కావాలి, టీవీ ఎన్ని అంగుళాలు, మంచం తలగడ ఏ దిక్కు. ఇవి తెలియకుండా స్విచ్ బోర్డులు పెట్టిస్తే గోడ మళ్లీ పగులుతుంది.

వాస్తు సంగతి మొదటి సమావేశంలోనే అడిగేయండి. సిద్ధాంతిగారు ఉన్నారా, ఆయన చూశారా, ఇంకా చూడాలా? పొయ్యి ఆగ్నేయంలో, పూజ గది ఈశాన్యంలో కుదరని ఫ్లాట్లు చాలా ఉంటాయి. కుదరనప్పుడు ఏమి చేయాలో డ్రాయింగులు మొదలుపెట్టక ముందే వాళ్లు తేల్చుకోవాలి. వంటగది పెట్టెలు ఫ్యాక్టరీలో తయారయ్యాక వచ్చే వాస్తు సలహా అంత ఖరీదైన సలహా మరొకటి ఉండదు.

ఇంకో ప్రశ్న: చివరి మాట ఎవరిది? భార్యాభర్తల్లో ఒకరా, డబ్బు పెడుతున్న కొడుకా, సైటుకు రోజూ వచ్చే తండ్రిగారా? ఇల్లు తెల్లాపూర్‌లో, యజమాని డాలస్‌లో ఉంటే ఈ ప్రశ్న మరీ ముఖ్యం. తండ్రిగారు సైటులో ఒకటి చెబుతారు, కొడుకు వీడియో కాల్లో మరొకటి చెబుతాడు. ఇద్దరూ మర్యాదస్తులే, మధ్యలో నలిగేది మీరు. ఒప్పందంలో ఒక్క పేరు రాయించుకోండి. ‘అంకుల్, మీరు చెప్పింది బాగుంది, బాబుగారితో ఒక్క మెసేజ్ పెట్టించండి, వెంటనే చేయిస్తాను’ అంటే పెద్దాయనకు చిన్నతనం కాదు, మీకు ఆధారం ఉంటుంది. అక్కడివాళ్లతో మాట్లాడటానికి వారంలో ఒక రోజు, ఒక సమయం ఖాయం చేసుకోండి. ఇక్కడ రాత్రి ఎనిమిది గంటలంటే డాలస్‌లో వేసవిలో ఉదయం తొమ్మిదిన్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. ఖాయం చేసుకోకపోతే అర్ధరాత్రి ఫోన్లు తప్పవు.

వాట్సాప్ గ్రూపు మాటల్ని నిర్ణయాలుగా లెక్కపెట్టకండి. రెండు వందల మెసేజ్‌ల మధ్య ఒక బొటనవేలి గుర్తు దేనికి ఒప్పుకోలో నెల తర్వాత ఎవరూ చెప్పలేరు. ప్రతి శనివారం ఒకే మెసేజ్ పంపండి: ఈ వారం తేలినవి ఇవి, తేలాల్సినవి ఇవి, ఫలానా తేదీ దాటితే పని ఇన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. ‘సరే’ అని జవాబు వచ్చాక దాన్ని పట్టికలో ఎక్కించండి.

ఒప్పుకున్నాక మారిస్తే మార్పు చీటీ రాయాలి. ఏమి మారుతోంది, ఎంత ఖర్చు, ఎన్ని రోజులు అదనం అన్న మూడు వరుసలు చాలు. ఖర్చు ఏమీ లేకపోయినా రాయండి, రోజుల గడి ఉంది కాబట్టి. జవాబు రాకుండా ఉలి కదలకూడదు.

పంచాంగం పక్కన పెట్టుకుని పని వేయండి

మన దగ్గర ఇంటి పని గడువును నిర్ణయించేది గృహప్రవేశ ముహూర్తం. ఉగాదికి పంచాంగం కొన్నప్పుడే గృహప్రవేశ ముహూర్తాలు, మూఢం రోజులు, ఆషాఢం ఆఫీసు క్యాలెండరులో గుర్తుపెట్టుకోండి. మూఢం వచ్చే ముందు, ఆషాఢం వచ్చే ముందు అందరూ ఒకేసారి తొందరపడతారు. శ్రావణం కోసం ఆషాఢమంతా ఊపిరాడని పని ఉంటుంది. అదే క్యాలెండరులో పనివాళ్ల పండుగలు కూడా వేయండి. కార్పెంటర్లు రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, బీహార్ వాళ్లయితే హోలీకి, దీపావళి నుంచి ఛఠ్ వరకు ఊళ్లకు వెళ్తారు. మనవాళ్లు సంక్రాంతికి వెళ్తారు. పెళ్లిళ్లు పేరంటాలు వేరే. ఈ రెండు రకాల తేదీలూ ఒకే కాగితం మీద చూస్తే, కొత్త పనికి ‘అవును’ అనాలా, ‘వచ్చే నెల నుంచి’ అనాలా అన్నది అక్కడే తెలిసిపోతుంది. ముగ్గురున్న సంస్థ ఒకేసారి రెండు సైట్లకు మించి తలకెత్తుకోకపోవడమే మంచిది. మూడోది మొదలయ్యేది మొదటిది పెయింటు దశకు వచ్చాకే.

ముహూర్తం నుంచి వెనక్కి లెక్కపెట్టండి. చివరి వారం శుభ్రం చేయడానికి, లోపాలు సరిచేయడానికి వదిలేయండి. దానికి ముందు చివరి కోటు పెయింటు, లైట్లు, హ్యాండిళ్లు. దానికి ముందు గ్రానైటు, సింకు, హాబ్. దానికి ముందు చెక్కపని. అంతకు ముందు ఫాల్స్ సీలింగ్, లప్పం, మొదటి కోటు. అన్నిటికంటే ముందు గోడలు గాడి కొట్టి వేసే వైరింగు, పైపులు. పెట్టెలు ఫ్యాక్టరీలో చేయిస్తుంటే చివరి కొలతలిచ్చిన నాటి నుంచి నెల, నెలన్నర చేతిలో ఉంచుకోండి.

ఆ చివరి కొలతలు ఫ్లోరింగు, గోడకు లప్పం అయ్యాకే తీయాలి. వెడల్పును కింద, మధ్య, పైన మూడు చోట్ల కొలవండి. మన అపార్ట్‌మెంట్లలో నిటారుగా ఉండే గోడ అరుదు. మూడింటిలో తక్కువ అంకెకు పెట్టె చేయించి, మిగిలిన సందును పట్టీతో మూయాలి. కొలతలన్నీ మి.మీ.లోనా, అంగుళాల్లోనా అన్నది సంస్థ అంతటికీ ఒకటే నియమం పెట్టండి. ఆఫీసు ఒకదానిలో, మేస్త్రీ మరొకదానిలో మాట్లాడితే తేడా మీ జేబులోంచే పోతుంది.

తేదీ దాటుతుందని అనుమానం వస్తే దాచకండి. గృహప్రవేశానికి తప్పనిసరిగా కావాల్సినవి ప్రధాన ద్వారం, పూజ గది, పాలు పొంగించడానికి వంటగది గట్టు. నీళ్లు, కరెంటు, బాత్రూములు ఎలాగూ ఉండాలి. వార్డ్‌రోబ్ తలుపులు పది రోజులు ఆగినా ఎవరి శుభకార్యమూ ఆగదు. ఈ వరుస ముందే మాట్లాడుకుంటే చివరి వారంలో అరుపులు ఉండవు.

డబ్బు విడతలు

డబ్బు ఎప్పుడూ పనికంటే ఒక అడుగు ముందుండాలి. ఒప్పందం రోజున 10 శాతం, డ్రాయింగులు ఒప్పుకుని సరుకుకు ఆర్డరు పెట్టే ముందు 40, సరుకు సైటుకు చేరాక 25, చెక్కపని ముగిశాక 20, అప్పగింత రోజున 5. ఈ అంకెలు మార్చుకోవచ్చు, చివరి విడత మాత్రం చిన్నదిగానే ఉండాలి. చివర 20 శాతం పెట్టుకున్నారంటే మీ లాభమంతా ఇంటివాళ్ల దగ్గరే ఉందన్నమాట. విడత అందకపోతే తర్వాతి దశ మొదలుకాదని కాగితంలో రాయండి, నోటితో చెప్పడం కష్టం కాబట్టి.

ఒక ఇంటి అడ్వాన్సుతో మరో ఇంటి ప్లైవుడ్ బాకీ తీర్చడం ఈ రంగంలో చాలామందిని ముంచింది. సంస్థకు విడిగా బ్యాంకు ఖాతా, పుస్తకంలో ప్రతి సైటుకు విడి పేజీ ఉండాలి. వచ్చింది, పోయింది ఏ రోజుకారోజు రాయండి. మీ జీతం కూడా నెలకింత అని తీసుకోండి. ఎప్పుడు పడితే అప్పుడు తీసుకుంటే సంస్థ లాభంలో ఉందో నష్టంలో ఉందో మీకే తెలియదు.

సరుకు, కూలి

ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు షీటు 32 చదరపు అడుగులు. ఏ ముక్క ఏ షీటులోంచి వస్తుందో గీసుకున్నాకే ఆర్డరు పెట్టాలి. మేస్త్రీ నోటి లెక్కతో తెప్పిస్తే చివర మూల నిండా ముక్కలు మిగులుతాయి. లామినేటు మాత్రం ఒక షీటు ఎక్కువే తెప్పించండి. తర్వాత అదే నంబరుతో వచ్చినా రంగులో కొద్దిపాటి తేడా ఉండవచ్చు, పక్కపక్కన పెడితే అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. సరుకు దిగేటప్పుడు మీ కుర్రవాడు దగ్గరుండి లెక్కపెట్టి, షీటు మీద ఐఎస్‌ఐ గుర్తు, గ్రేడు కనిపించేలా ఫొటో తీయాలి. ఎనిమిది అడుగుల షీటు చాలా లిఫ్టుల్లో పట్టదు. పదో అంతస్తుకు మెట్ల మీద మోయించే కూలి కొటేషన్లో లేకపోతే అది మీ ఖర్చే.

కార్పెంటర్లకు శనివారం లెక్క శనివారమే చూడండి. పని కొలిచి డబ్బివ్వండి, అడ్వాన్సులు వేరే పుస్తకంలో రాసి వాళ్ల చేత సంతకం పెట్టించుకోండి. పండుగకు ఊరెళ్లే ముందు పెద్ద మొత్తం ముందుగా ఇచ్చేస్తే తిరిగి రావడం వాళ్ల దయ. అలాగని చేసిన పనికి డబ్బు తొక్కిపెడితే, ఎక్కువ ఇచ్చే మరో సైటుకు పోతారు, అదీ సరిగ్గా మీ ముహూర్తానికి వారం ముందు.

సైటులో

పని మొదలుపెట్టక ముందే అపార్ట్‌మెంట్ సంఘం నియమాలు కాగితం మీద తీసుకోండి: డ్రిల్లింగు ఎన్ని గంటల వరకు, ఆదివారం పని ఉందా, చెత్త ఎక్కడ వేయాలి. ఆదివారాలు పోతే నెలకు నాలుగైదు రోజులు మీ క్యాలెండరులోంచి పోయినట్టే. డ్రాయింగుల మీద తేదీ వేసి గోడకు అంటించండి. కొత్తది రాగానే పాతది అక్కడికక్కడే చింపేయాలి. ఫాల్స్ సీలింగ్ మూసే ముందు, గాడులు పూడ్చే ముందు ప్రతి గోడకూ టేపు పట్టుకుని ఫొటో తీయించండి. రెండేళ్ల తర్వాత ఎవరో ఫోను చేసి, పెయింటింగు వేలాడదీయడానికి ఎక్కడ మేకు కొట్టాలని అడిగినప్పుడు ఆ ఫొటోలు నీటి పైపును కాపాడతాయి.

మీ ప్రయాణాలు కూడా లెక్కే. హైదరాబాదుకు ఆ కొసన కోకాపేట సైటు, ఈ కొసన ఎల్బీనగర్ సైటు ఒకే రోజు పెట్టుకుంటే ఆ రోజంతా రోడ్డు మీదే గడుస్తుంది. వారంలో రోజుల్ని దిక్కుల వారీగా పంచుకోండి. రాణిగంజ్‌లో హార్డ్‌వేర్ కొనే రోజు విడిగా పెట్టుకోండి.

పన్నులు, క్లుప్తంగా

తెలుగు రాష్ట్రాల్లో సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సరుకుతో సహా ఎనిమిది లక్షల ఇళ్లు మూడు చేస్తే ఆ గీత దాటినట్టే, మీకు మిగిలింది ఎంతైనా సరే. ఫీజు మాత్రమే తీసుకుంటే ఇంటివాళ్లు నేరుగా కొన్న సరుకు మీ టర్నోవరులోకి రాదు. ఆదాయపు పన్ను చట్టం ఇంటీరియర్ డెకరేషన్‌ను వృత్తుల జాబితాలో చేర్చింది కాబట్టి, ఫీజు మీద నడిచేవారు 50 లక్షల రాబడి వరకు, నగదు 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు, రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపే సులువైన పద్ధతిని ఎంచుకోవచ్చు. సరుకుతో సహా చేసేవారికి ఏది వర్తిస్తుందో ఆడిటరు మీ ఒప్పందాలు చూసి చెప్పాలి. ఏడాది మొదట్లోనే అడగండి, మార్చి నెలాఖరున కాదు. చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితం. దుకాణాలకు, ఆఫీసులకు డిజైన్లు ఇచ్చే సూక్ష్మ సంస్థకు, ఒప్పందంలో ఎక్కువ గడువు రాసుకున్నా సరే, 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలన్న చట్టం అండ దానితో వస్తుంది.

అప్పగింత, ఆ తర్వాత

ముహూర్తానికి వారం ముందు ఇంటివాళ్లతో కలిసి గదిగదీ తిరిగి లోపాల జాబితా ఒక్కసారే రాయండి. ఇద్దరూ సంతకం చేయండి. రోజుకొకటి చెబుతూ పోతే ఆ సైటు ఎప్పటికీ ముగియదు. జాబితాలోవి పూర్తయిన రోజే చివరి విడత, తాళాలు, గ్యారంటీ కాగితాలు, లామినేటు నంబర్ల జాబితా చేతులు మారాలి. మూడు నెలల తర్వాత ఒకసారి కార్పెంటరును పంపి కీళ్లు బిగించి రమ్మనండి. ఆ పూట కూలిని కొటేషన్లోనే వేసుకోండి.

డబ్బు అందిన వారంలోనే ఆ సైటు పేజీ ముగించండి. అనుకున్న ఖర్చు, అయిన ఖర్చు పక్కపక్కన రాసి, నిర్ణయాల పట్టికలో ఎక్కువ రోజులు తేలకుండా ఉన్నవాటికి గుర్తు పెట్టండి. గ్రానైటు కోత దగ్గర ప్రతిసారీ వారం పోతోందా, హ్యాండిళ్ల దగ్గరా, పూజ గది తలుపు దగ్గరా? ఆ వరుసను తర్వాతి ఇంటి పట్టికలో పైకి తెచ్చి, అది పది రోజులు ముందే తేలేలా తేదీ వేయండి.